క్యాడ్‌బరీని గట్టెక్కించింది అమితాబ్ ముఖమేనా?

చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: కొనేవాళ్ల నమ్మకం ఏళ్ల తరబడి సంపాదించుకునేది కాదు, ప్రచారానికి నాలుగు డబ్బులు పెట్టి కొనుక్కునేది. తెలిసిన ముఖం, ఐదు నక్షత్రాల రివ్యూలు, ‘నేడే ఆఖరు’ అన్న బోర్డు ఉంటే చాలు. వివరాలు ఎవరూ చదవరు. రుజువుగా క్యాడ్‌బరీని చూపిస్తారు. చాక్లెట్లలో పురుగులు కనిపించినా అమితాబ్ బచ్చన్ వచ్చి నిలబెట్టారట.

సందేశం బరువంతా ఆ రుజువు మీదే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. 2003 అక్టోబరులో, దీపావళి ముంగిట, ముంబయిలో డెయిరీ మిల్క్ బార్లలో పురుగులు ఉన్నాయని ఫిర్యాదులు వచ్చాయి. మహారాష్ట్ర ఆహార, ఔషధ నియంత్రణ శాఖ రంగంలోకి దిగింది. దుకాణాల్లో సరిగా నిల్వ చేయకపోవడం వల్లేనని కంపెనీ అంది. మరి మీ ప్యాకింగ్ మాటేమిటని అధికారులు నిలదీశారు. తప్పు ఎవరిదైతేనేం, బిడ్డ చేతిలో చాక్లెట్ పెట్టే తల్లికి ఆ తగవుతో పనిలేదు. పండగ అమ్మకాలు దెబ్బతిన్నాయి.

అమితాబ్ ప్రకటనలు వచ్చింది ఆ తర్వాతి ఏడాది. మధ్యలో జరిగినదాన్ని సందేశం మింగేసింది. సరుకు ఎలా నిల్వ చేయాలో దుకాణదారులకు నేర్పడానికి ‘విశ్వాస్’ పేరుతో కంపెనీ ఒక కార్యక్రమం నడిపింది. విదేశాల నుంచి యంత్రాలు తెప్పించి, 2004 జనవరిలో ప్యాకింగే మార్చేసింది. అంతకుముందు రేకు చుట్టి పైన కాగితం తొడిగేవారు. మడతల సందుల్లోంచి పురుగు దూరే వీలుండేది. కొత్తదానిలో అల్యూమినియం రేకును వేడితో అతికించి, పైన అన్ని వైపులా మూసిన కవరు వేశారు.

అమితాబ్ ముఖం పనిచేయలేదని నేను అనను. చెప్పడానికి ఆయన దగ్గర కొత్త కబురు ఉంది కాబట్టే పనిచేసింది. ఆయన మాట నిజమో కాదో కొన్నవాళ్లు ఆ అతుకును తమ చేతులతో చింపి చూసుకోగలిగారు. పాత కాగితపు తొడుగునే పట్టుకుని ఆయన ఎన్ని మాటలు చెప్పినా, మరో పురుగు బయటపడిన రోజున కంపెనీతో పాటు ఆయన పరువూ పోయేది.

మన ఊళ్లలో బట్టల దుకాణం ప్రారంభానికి సినీతార వస్తే ట్రాఫిక్ ఆగిపోతుంది, నిజమే. ఆ జనంలో ఎక్కువమంది వచ్చింది తారను చూడటానికి. దుకాణం పేరు నిలబడేదీ పోయేదీ మాత్రం రంగు దిగిన చీరను ఎవరైనా వెనక్కి తెచ్చినప్పుడు కౌంటర్ దగ్గర పలికే మాటను బట్టి. పైగా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ ముఖాన్ని అరువిచ్చినవారికీ అది వర్తిస్తుంది.

ఇక రివ్యూలు. అన్నీ ఐదు నక్షత్రాలే కనిపిస్తే, కాస్త తెలిసినవాళ్లు వెంటనే కిందికి జరిపి ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు ఏమన్నారో వెతుకుతారు. దాని కింద యజమాని ‘మా వల్ల పొరపాటు జరిగింది, మార్చి ఇస్తాం’ అని రాస్తే, ఆ ఒక్క జవాబు కొనుక్కున్న వంద పొగడ్తల పెట్టు.

‘నేడే ఆఖరు’ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి దొంగ తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే నిషేధించిన 13 మాయోపాయాల జాబితాలో చేర్చింది. వీధి దుకాణం సంగతంటారా, రెండు సంక్రాంతులు చూసిన ‘షాపు ఎత్తేస్తున్నాం’ బోర్డును ఆ వీధిలో నమ్మేదెవరు?

వివరాలు ఎవరూ చదవరన్న మాట అన్నిటికంటే అన్యాయం. అది అన్నవారు బంగారు నగల కొట్లో ఒక్క గంట కూర్చుంటే చాలు. ‘తరుగు లేదు’ అన్న ప్రకటన చూసి వచ్చిన ఆవిడ మొదట అడిగేది మజూరీ ఎంతని, తర్వాత రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టారా అని. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై అంకెలు, అక్షరాలు కలిసిన ఆరింటి గుర్తు, అదే హెచ్‌యూఐడీ, తప్పనిసరి అయింది. దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే స్వచ్ఛత ఎంతో, హాల్‌మార్క్ వేసిన కేంద్రం ఏదో అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ గుర్తు కంటికి ఆనదు, భూతద్దం కావాలి. అడిగితే లోపలి గదిలో వెతికి తెచ్చే దుకాణం ఏదో, నగతో పాటే ట్రేలో పెట్టి ‘మీరే చూసుకోండమ్మా’ అనే దుకాణం ఏదో ఆవిడకు బాగా తెలుసు. పెళ్లి నగలు ఎక్కడ కొనాలని చుట్టాలు అడిగేది కూడా ఆవిడనే.