ముందు కాలం చూసుకోండి, పని తర్వాత

"పని పూర్తయిందా?" అని పైఅధికారి మెసేజ్ పెడితే చాలామంది ఒక తెలివితక్కువ పని చేస్తుంటారు. వెళ్లి ఆ పని పూర్తి చేసేస్తారు. ఇంగ్లీషు తెలిసినవాళ్లకు అంత శ్రమ దేనికి? పని అయిందని చెప్పడానికి ఆ భాషలో ఉన్నన్ని దారులు పని చేయడానికి కూడా లేవు. ఈ సంగతి తెలియక అమాయకులు రాత్రిళ్లు మేలుకుంటున్నారు గనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

మొట్టమొదట దూరం పెట్టవలసింది సింపుల్ పాస్ట్‌ని. 'ఐ ఫినిష్డ్ ఇట్' అన్నారో, దొరికిపోయారు. వెనకాలే 'ఎప్పుడు?' అన్న ప్రశ్న తయారు. నిన్ననా, మొన్ననా, ఎన్నింటికి? అదే 'ఐ హావ్ ఫినిష్డ్ ఇట్' అని చూడండి. ప్రెజెంట్ పర్ఫెక్ట్ పక్కన 'యెస్టర్డే' లాంటి మాట రాకూడదని బడిలో బెత్తం పట్టుకుని మరీ నేర్పారు కదా. కాబట్టి ఎప్పుడు చేశారో చెప్పకపోవడం మీ తప్పెలా అవుతుంది? అది వ్యాకరణం పెట్టిన ఆంక్ష. పైఅధికారి గుచ్చి గుచ్చి అడుగుతుంటే మీచేత తప్పుడు ఇంగ్లీషు పలికించాలని చూస్తున్నట్టే లెక్క. అమెరికా వాళ్లు 'ఐ ఆల్రెడీ డిడ్ ఇట్' అని సింపుల్ పాస్ట్‌తోనే కానిచ్చేస్తుంటారు, కుర్రతనం. బ్రిటన్ వాళ్లు మాత్రం 'ఐ హావ్ ఆల్రెడీ డన్ ఇట్' దగ్గర కదలరు. సామ్రాజ్యం నడిపిన అనుభవం ఊరికే పోతుందా?

ఈ 'హావ్'ని సహాయక క్రియ అంటారు. సహాయం ఎవరికో పుస్తకాల్లో రాయలేదు. మొహమాటపడి ఉంటారు.

ఇక అసలైన సంజీవని ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. తెర మీద 'రిపోర్ట్ ఫైనల్ 2' అనే ఫైలు తెరిచి ఉంది అనుకుందాం. పైన బోల్డ్‌లో శీర్షిక. దాని కింద తేదీ, పోయిన నెలది. ఆ కింద కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది. పొద్దుట్నుంచీ శీర్షికకి ఫాంట్లు మార్చడం, మధ్యకి జరపడం, మళ్లీ ఎడమకి లాగడం జరిగాయి. ఈ పరిస్థితిలో 'ఐ హావ్ రిటెన్ ద రిపోర్ట్' అంటే పచ్చి అబద్ధం. 'ఐ హావ్ బీన్ రైటింగ్ ద రిపోర్ట్' మాత్రం అక్షరాలా నిజం. రాస్తూ వస్తున్నానంటుందే తప్ప రాసేశానని ఆ వాక్యం ఎక్కడా ఒప్పుకోదు. పైగా వినేవాళ్లకి జాలి కూడా వేస్తుంది.

హోదా పెరిగేకొద్దీ వాక్యంలోంచి కర్త తప్పుకోవాలి. 'ఇట్ హాజ్ బీన్ డన్.' ఎవరు చేశారు? వాక్యంలో ఎవరూ లేరు, వెతుక్కోండి. 1876లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో 'మిస్టేక్స్ హావ్ బీన్ మేడ్' అని రాశారు. పాపం ఆ వెంటనే అది తానూ ఒప్పుకుంటున్నానని చేర్చి విద్య చెడగొట్టుకున్నారు. 1987లో మరో అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కి ఆయుధాలు అమ్మిన గొడవ మీద మాట్లాడుతూ 'సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్' అన్నారు. అంతంత తప్పుల్నే మోసిన కర్మణి వాక్యం ఒక రిపోర్ట్‌ని మోయలేదా?

అంతకన్నా పై మెట్టు, సహాయక క్రియని కూడా ఇంటికి పంపేయడం. 2003 మే 1న అధ్యక్షుడు జార్జి బుష్ యుద్ధనౌక మీద నిలబడి ఇరాక్ గురించి ప్రసంగిస్తుంటే వెనకాల పెద్ద బ్యానర్: 'మిషన్ అకాంప్లిష్డ్', అంటే కార్యం నెరవేరిందని. అమెరికా సేనలు ఇరాక్ నుంచి బయటపడింది 2011 డిసెంబరులో. అయినా బ్యానర్‌ని తప్పు పట్టడానికి వ్యాకరణం ఒప్పుకోదు. 'హాజ్ బీన్' అని ఎక్కడ రాశారు? అక్కడ 'విల్ బీ' పట్టేంత ఖాళీ ఉంది, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నింపుకోవచ్చు.

'ఐయామ్ డన్' అనాలా, 'ఐ హావ్ డన్' అనాలా అని పండితులు వందేళ్లుగా తగువు పడుతున్నారు. 'డన్' అయ్యేది కేకు, మనిషి 'ఫినిష్డ్' అవుతాడని కొందరు టీచర్లు కసురుతుంటారు. మనిషి ఫినిష్డ్ అంటే ఇంకా ప్రమాదం అని వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆయన లేచాడనడానికి 'హి ఈజ్ రిసన్' అనే ఉంది, అక్కడ 'హాజ్' పెట్టలేదు. కెనడాలోనైతే పిల్లలు 'ఐయామ్ డన్ మై హోమ్‌వర్క్' అనేస్తారు, మధ్యలో 'విత్' అనే మాట కూడా ఖర్చు పెట్టరు. మొత్తానికి పని అయిందని ఎలా చెప్పాలో తేల్చే పని పండితులకే ఇంకా కాలేదు. మన రిపోర్ట్ ఆలస్యమైతే ఆకాశం విరిగి పడుతుందా?

'ఆల్మోస్ట్ డన్' గురించి ఎక్కువ చెప్పను, అందరూ వాడేదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన టామ్ కార్గిల్ పేరు మీద 1985లో అచ్చయిన ఒక సూత్రం ఉంది: మొదటి 90 శాతం కంప్యూటర్ కోడ్‌కి 90 శాతం సమయం పడుతుంది, మిగిలిన 10 శాతానికి మరో 90 శాతం పడుతుంది. నవ్వులాటకి చెప్పాడంటారు. నేనైతే దీన్ని ఉద్యోగ నియమావళిలో చేర్పించమంటాను.

ఇన్నిటిలో నా ఓటు మాత్రం ఐర్లండ్‌కే. అక్కడ పని ఇప్పుడే ముగిసిందని చెప్పడానికి 'ఐయామ్ ఆఫ్టర్ డూయింగ్ ఇట్' అంటారు. అదే మాట వేరే దేశం వాడి చెవిన పడితే, పాపం ఇంకా ఆ పని వెంట పడుతున్నాడు కాబోలు అనుకుంటాడు. ఈసారి మెసేజ్ వస్తే ఇదే పంపండి. ఐరిష్ ఇంగ్లీషు తెలిసిన అధికారైతే శభాష్ అంటాడు. తెలియనివాడైతే ఇంకో వారం గడువిస్తాడు.