మన నొప్పి మాత్ర కుక్కకు వేయకండి
మనం వాడే నొప్పి మాత్ర ముసలి కుక్కకు చిన్న ముక్క కూడా సొంతంగా వేయొద్దని, ముసలి కుక్కల కాళ్ల నొప్పుల గురించి నేను చదివిన వ్యాసంలో రాసింది నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఆ తప్పు చేశాను కాబట్టి చెబుతున్నా. మా లాబ్రడార్‌కు 11 ఏళ్లప్పుడు పొద్దున్నే లేవాలంటే వెనక కాళ్లు సహకరించేవి కావు, చూడలేక డైక్లోఫెనాక్ అనే మన నొప్పి మాత్ర సగం ముక్క అన్నంలో కలిపి రెండు రోజులు పెట్టాను, మూడో రోజు వాంతిలో రక్తం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకు పొట్టలో పుండ్లు చేస్తాయని, కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయని డాక్టరు గారు చెప్పాకే తెలిసింది. వారం పాటు సెలైన్లు పెడితే బతికింది. కోలుకున్నాక రక్తపరీక్షలో కిడ్నీలు, లివరు బాగున్నాయని చూశాకే దాని బరువును బట్టి కుక్కలకిచ్చే మందు రాశారు. కానీ వ్యాసంలో నేల గురించి ఒక్క మాట లేదు, అది రాయాల్సింది. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ మీద వాటి కాళ్లు జారిపోతాయి, ఒకసారి జారితే ఇక లేవడానికే భయపడతాయి. మేం అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా జారని రబ్బరు మ్యాట్లు పరిచాం. అన్నం తగ్గించి 38 కిలోల నుంచి నెమ్మదిగా 32కి తెచ్చాం, ఒకేసారి దూరం నడిపించే బదులు రోజుకి మూడుసార్లు పది నిమిషాలు. ఇప్పుడు గేటు చప్పుడైతే తనే లేచి వస్తోంది.