కొబ్బరి చిప్పకు టైటానియం తీగ

దేశ విదేశాల్లో పరిశోధకుల చేతికి తొక్క చిక్కితే చాలు, కాల్చేస్తున్నారు. కొబ్బరి చిప్ప అయింది, మొక్కజొన్న కాడ అయింది, గోగు కాడ అయింది, పంపరపనస తొక్కనూ వదల్లేదు. కాలగా మిగిలిన బొగ్గు పేరు 'సస్టెయినబుల్ ఎలక్ట్రోడ్', అంటే పర్యావరణానికి చేటు చేయకుండా కరెంటును అందుకునే, అందించే పలక. దానిమీద సూక్ష్మజీవులు కాపురం పెట్టి, మురుగు తిని, మనకు హైడ్రోజనో మీథేనో ఇస్తాయట.

సైన్సుకేం, బంగారంలా ఉంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తిన్న బాక్టీరియా ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్‌కు అప్పజెబుతుంది. బయటినుంచి కాస్త వోల్టేజి ఇస్తే అవతలి ఎలక్ట్రోడ్ దగ్గర హైడ్రోజన్ పుడుతుంది. ఇది 2005లోనే తేలింది. నీటిని నేరుగా విడగొట్టాలంటే కాగితం మీదే 1.23 వోల్టులు కావాలి, ఇక్కడ 0.14 చాలు. ఆచరణలో ఇంకొంచెం ఎక్కువే, పోనివ్వండి. బాక్టీరియా పని బాక్టీరియా చేస్తోంది.

చిప్పకు జరిగే మర్యాదలే చూడముచ్చటగా ఉంటాయి. ముందు కడిగి ఆరబెడతారు. నైట్రోజన్ సిలిండర్ తగిలించిన కొలిమిలో 900 డిగ్రీల దాకా గంటల తరబడి కాలుస్తారు. ఆ కరెంటు ఏ బొగ్గు కాలిస్తే వచ్చిందని అడక్కూడదు, అది మర్యాద కాదు. రంధ్రాలు సరిగ్గా పడాలి కదా, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి మళ్లీ కాలుస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తలంటు, డిస్టిల్డ్ వాటర్‌తో కడపటి స్నానం. ఇంతా అయ్యాక అది ఉత్త పొడి, నిలబడదు. అందుకని టెఫ్లాన్ జిగురు. మన మునిమనవలు పోయినా కుళ్లని సరుకది. ఆ ముద్దను కార్బన్ గుడ్డకు పూస్తారు. ఆ గుడ్డ పుట్టుక పాలీఅక్రిలోనైట్రైల్, అంటే సాక్షాత్తూ ముడిచమురు వంశం. చిప్పలో కరెంటు సాఫీగా పారదని చివరికి టైటానియం తీగ చుడతారు. ఇప్పుడు ఫొటో తీసి కింద రాస్తారు: 'వ్యర్థం నుంచి సంపద'.

మరి మురుగేది? మురుగు పోస్తే గ్రాఫు పాడైపోతుందండీ! అందులో సబ్బు, ఇసుక, ఇంకా ఏమేమో ఉంటాయి. అందుకే సోడియం అసిటేట్ అనే శుద్ధమైన లవణం తూచి, శుభ్రమైన నీళ్లలో కలిపి, 30 డిగ్రీల వెచ్చదనంలో ముద్దుగా తినిపిస్తారు. ఎలక్ట్రోడ్ తపాలా బిళ్లంత, ఫలితం మాత్రం చదరపు మీటర్ల లెక్కలో.

హైదరాబాద్‌ బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త పట్టే గ్యాస్ ప్లాంటు ఉంది. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) సాంకేతికతే. అందులో ఎలక్ట్రోడూ లేదు, టైటానియమూ లేదు. కుళ్లిన టమాటా ఉంది.

ఇంకోచోట కూడా సూక్ష్మజీవులు ఏ గ్రాంటూ లేకుండా గ్యాసు తయారుచేస్తున్నాయి. మన వీధి మ్యాన్‌హోల్ కింద. మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్. రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపకూడదని 2013లో చట్టం చేశారు. ఇవాళ్టికీ నడుముకు తాడు కట్టి దింపుతూనే ఉన్నారు, శవాలను పైకి లాగుతూనే ఉన్నారు. ఆ మురుగు పేరు చెప్పి నిధులు తెచ్చుకుని, దాన్ని ఒక్క చుక్క ముట్టకుండా సీసాలో అసిటేట్ కలుపుకుంటూ కూర్చోవడానికి సిగ్గుండాలి! మురుగు వాసన తెలియని పరిశోధన పేపర్‌కు పర్యావరణం పేరెందుకు?

అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం ఎక్కడికీ పోలేదు. ఆ తీగ చుట్టిన చిప్పను ఒక ఏడాది అక్కడ ముంచండి, పాచి పట్టనివ్వండి. పేపర్ రాసేటప్పుడు మొదటి టేబుల్లోనే, కొలిమి ఎన్ని యూనిట్లు మింగిందో, గ్యాసు ఎన్ని యూనిట్లు తిరిగిచ్చిందో పక్కపక్కన వేయండి. చదరపు మీటరుకు కాదు, మొత్తం.