నైరుతిలో కవి సమ్మేళనం

మా బావ వేదికని రెండు మీటర్లు తూర్పుకి జరపకుండా ఉంటే ఈ గోడు రాసే పని పడేది కాదు.

సెకండ్ లైఫ్ అని 2003 నుంచీ నడుస్తున్న మాయాలోకం ఒకటుంది. ఓ బొమ్మ అవతారమెత్తి అందులో తిరగొచ్చు, ఎగరొచ్చు, స్థలం అద్దెకి తీసుకుని ఇల్లు కట్టుకోవచ్చు. అక్కడ 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న దీవి ఒకటి బావ క్రెడిట్ కార్డు పుణ్యమా అని మాకు దక్కింది. కార్డు బావది గనక పెత్తనమూ బావదే. ఉగాదికి కవి సమ్మేళనం అన్నాడు. వేదిక 2000 మీటర్ల ఎత్తున, ఆకాశంలో ఉండాలన్నాడు. కవుల్ని పైకి చేర్చే పని నాకు తగిలించాడు.

మనుషుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎగరేసే ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో రాసే ఆజ్ఞ, ఒకటి ఉంది గానీ, మామూలుగా అది వస్తువు యజమానిని తప్ప ఇంకెవర్నీ కదిలించదు. అతిథుల్ని కదిలించాలంటే వేరే తతంగం. వాళ్ళ తెర మీద అనుమతి అడుగుతూ ఓ పెట్టె తెరుచుకుంటుంది, వాళ్ళు సరేననాలి. మా సభాధ్యక్షులేమో రిటైరైన తెలుగు మాస్టారు. తెర మీద ఏ పెట్టె తెరుచుకున్నా కంప్యూటర్ ఆపేసి అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోన్ కొడతారు, అక్కడ అర్ధరాత్రయినా సరే.

అందుకని పాత చిట్కా పట్టుకున్నాను. ఓ పీట వేశాను. ఎవరైనా దాని మీద కూర్చోగానే పీట మనిషితో సహా గెంతి చెప్పిన చోట వాలుతుంది, మనిషిని లేపేస్తుంది, ఖాళీగా వెనక్కొచ్చి తర్వాతివాళ్ళ కోసం ఎదురుచూస్తుంది. ఒకప్పుడు వస్తువుని స్క్రిప్టుతో, అంటే దాన్లో రాసిపెట్టే ప్రోగ్రాంతో, ఒక్కో గెంతుకి 10 మీటర్లకి మించి జరపనిచ్చేవారు కాదు. ఇప్పుడు దీవిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క గెంతు. ఎక్కడికి గెంతాలో నోట్‌కార్డులో, అంటే పీటలోనే ఉంచే చీటీలో, రాసిపెట్టాను. తూర్పుకెంత, ఉత్తరానికెంత, ఎత్తెంత అని మూడు అంకెలు, వాటికి అటొకటి ఇటొకటి కొక్కేలు. అదే, లెక్కల్లో చిన్నదీ పెద్దదీ అని చూపించడానికి వాడతామే, అవి. నోట్‌కార్డు మారితే స్క్రిప్టు దానంతటదే మళ్ళీ చదువుకుంటుంది. అంతా పరీక్షించి, బ్రహ్మాండంగా ఉందనుకుని పడుకున్నాను.

సభ రోజు పొద్దున్నే బావకి వాస్తు గుర్తొచ్చింది. లేని నేల మీద, లేని గాలిలో వేలాడే వేదికకి వాస్తు! జరిపాడు. జరిపినవాడు ఊరుకోకుండా నోట్‌కార్డు తెరిచి మూడు అంకెలూ మళ్ళీ కొట్టాడు, కొక్కేలు ఎగరగొట్టి. "శుభమా అని పండగ చేసుకుంటుంటే అంకెలకి ఆ కొక్కేలేమిట్రా, చూడ్డానికే అసహ్యంగా," అని తర్వాత సంజాయిషీ.

కొక్కేలు లేకపోతే స్క్రిప్టు రాసే భాష ఆ అంకెల్ని స్థానంగా మార్చుకోలేదు. పోనీ మార్చలేనని చెప్తుందా? చెప్పదు. సున్నా, సున్నా, సున్నా అని చేతిలో పెట్టి ఊరుకుంటుంది. సున్నాతో భాగిస్తే మాత్రం "మ్యాథ్ ఎర్రర్" అని టముకు వేస్తుంది. సభాధ్యక్షుల్ని సున్నాలోకి పంపిస్తుంటే నోరు మెదపదు.

సున్నా, సున్నా అంటే దీవికి సరిగ్గా నైరుతి మూల. మా దీవి అక్కడ వాలిపోయి సముద్రంలో కలుస్తుంది. ఎత్తు కూడా సున్నాయే గనక పీట నేరుగా సముద్రం అడుక్కి పోయి ఆగుతుంది. నైరుతి ఎత్తుగా ఉండాలి, బరువుగా ఉండాలి, అక్కడ నీళ్ళనే మాటే వినబడకూడదని నాకు వాస్తు పాఠం చెప్పిందీ ఈ బావే. బరువుకి లోటు రాలేదు లెండి, కవులంతా అక్కడే దిగారు.

నేను పైన ఉన్నాను. పట్టుపంచె, కండువా, వెనక మామిడి తోరణం. బావ కింద పీట దగ్గర నిలబడి ఫోన్‌లో చెప్తున్నాడు: "మాస్టారు కూర్చున్నారు, వచ్చేశారు చూడు. ఇదిగో, విశాఖ కవిగారు కూడా వచ్చేశారు." నాకు ఎవరూ కనబడటం లేదు. అది ఆ లోకంలో వింతేం కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పొగమబ్బుగా కనబడి, ఆనక మనుషులవుతారు. మా ఇంటి నెట్‌కి ఒక్కోసారి ఆ మబ్బు కూడా రాదు. కనబడటం లేదంటే పరువు తక్కువని స్వాగతోపన్యాసం మొదలెట్టాను. ఖాళీ కుర్చీల వైపు వంగి నమస్కారం పెట్టాను. "మాస్టారి గురించి నేను చెప్పేదేముంది," అని చాలాసేపు చెప్పాను. ఆయన శిష్యవాత్సల్యం తలుచుకుని గొంతు కూడా కాస్త వణికించాను. "వినబడుతోందా అండీ?" అనడిగాను. ఉలుకూ పలుకూ లేదు. తమ వంతు వచ్చేదాకా కవులు ఎవర్ని పట్టించుకుంటారు గనక అనుకున్నాను. చివర్న చాట్‌లో "ధన్యవాదాలు" అని కొట్టాను. ఆ మాట చూడగానే చప్పట్లు మోగించే స్క్రిప్టు ఒకటి వేదికలో పెట్టి ఉంచాను. మోగింది. 2000 మీటర్ల ఎత్తున, పురుగు కూడా లేని చోట, హోరున చప్పట్లు. నేను పొంగిపోయి మళ్ళీ వంగాను.

ఫోన్ మోగింది. "ఎక్కడ చచ్చావురా? ఇక్కడ సభ సగం అయిపోయింది!"

మ్యాప్ తెరిస్తే చుక్కలన్నీ నైరుతి మూల కుప్పగా ఉన్నాయి. ఆ ఎత్తు నుంచి అమాంతం దూకేశాను. ఆ లోకంలో పడితే చావరు, మునిగినా చావరు. అదే వచ్చింది చిక్కు. చచ్చేట్టుంటే కనీసం ఒక్కరైనా అరిచేవారు. చాట్‌లో మామూలు మాట 20 మీటర్లు, అరుపు 100 మీటర్ల దాకా వెళ్తుంది. పైనున్న నాకు ఏది చేరుతుంది?

అడుగున అందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. మాస్టారు మోకాళ్ళ దాకా ఇసకలో దిగబడి, సముద్రం అడుగున, ఊపిరి తిప్పుకోకుండా సీసపద్యం లాగిస్తున్నారు. ఆ నీలమంతా పందిరి అనుకున్నారట. "క్షీరసాగరం! ఎంత ఔచిత్యం!" అని విశాఖ కవిగారు మెచ్చుకుంటే, బావ చిరునవ్వుతో తలవంచుకుని "ఏదో, మా ప్రయత్నం" అన్నాడు.

"నైరుతిలో నీళ్ళు కదా బావా?" అన్నాను పక్కకి లాగి.

"సముద్రానికి వాస్తు ఏంట్రా, పిచ్చి వెధవా."

వందన సమర్పణలో పీట గురించి ఒక్క ముక్క లేదు. దసరా సభ కూడా అక్కడే పెట్టాలని తీర్మానించారు. ఈసారి చేపలు కావాలిట. పద్యం పూర్తయినప్పుడల్లా అవన్నీ ఒక్కసారి తలూపాలిట. ఆ స్క్రిప్టు రాయాల్సింది ఎవరో వేరే చెప్పాలా.