ఆరేళ్లకే పాలపళ్లు పీకించేయాలట!

ఈ మెసేజ్ రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. "పిల్లలకు ఆరేళ్లు రాగానే పాలపళ్లు తీయించేయండి, అసలు పళ్లకు దారి దొరికి వరసగా వస్తాయి, పదిమందికీ పంపండి." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, అందరికీ చిన్నపిల్లలున్నారు, అందుకే ఊరుకోలేకపోతున్నా.

"పాలపళ్లకు వేర్లుండవు, నొప్పి తెలియదు" అట. రాలిన పన్ను చూసి అన్న మాట ఇది. కింద నుంచి కొత్తది పైకొస్తుంటే పాలపన్ను వేరు మెల్లగా కరిగిపోతుంది, అందుకే అది వదులై రాలుతుంది. కదలని పన్నుకు వేరు నిక్షేపంగా ఉంటుంది, దవడ పళ్లకైతే రెండు మూడు. నమ్మకపోతే మెసేజ్ రాసినాయన్ని ముందు తనదొకటి మత్తు లేకుండా పీకించుకుని చెప్పమనండి.

"ఆలస్యమైతే కొత్త పళ్లు పసుపుగా వస్తాయి." పాలపళ్లు మరీ తెల్లన, పక్కన ఏది పెట్టినా పసుపే. వదిలేద్దాం.

అసలు కొంప ముంచేది ఇది: "ముఖ్యంగా వెనక దవడ పళ్లు తీయించండి, అవే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి." ఆక్రమిస్తాయి, నిజమే. వాటి స్థానంలో తర్వాత వచ్చే పళ్లకంటే అవే వెడల్పు. కానీ ఆ చోటు తర్వాత వచ్చే పళ్లకోసం అట్టిపెట్టింది కదా! ఆరేళ్లప్పుడు ఏ పాలపన్నూ ఊడకుండానే వాటి వెనకాల పెద్ద దవడ పన్ను ఒకటి వస్తుంది, వచ్చి ముందున్న పాలపన్నుకు ఆనుకుని నిలబడుతుంది. ఆ ఆసరా పీకేస్తే బెంచీ మీద ఖాళీ దొరికినట్టు ముందుకు జరిగిపోతుంది. ఇక పదికీ పన్నెండుకీ మధ్య రావాల్సిన పన్నుకు చోటుండదు, పక్కకు తన్నుకుని వస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుంటుంది. అన్నేళ్ల ముందు పీకితే పైన ఎముక, చిగుళ్లు గట్టిపడి అది ఇంకా ఆలస్యం కావచ్చు. పుచ్చిపోయి తప్పనిసరిగా తీయాల్సి వచ్చినప్పుడు డాక్టర్లు ఆ ఖాళీలో చాలాసార్లు స్పేస్ మెయింటైనర్ అని ఒక తీగ బిగిస్తారు. పీకితేనే చోటు వస్తుందంటే ఆ తీగ దేనికి, అలంకారానికా?

"వెనక రెండో వరస వస్తే వెంటనే పీకాలి" అని చివర్లో ఉంది. దీని దగ్గర నేను కాస్త తగ్గాలి. మా అమ్మాయికి కింది ముందు పళ్లు పాలపళ్ల వెనక మొలిస్తే నాకూ టెన్షన్ వచ్చింది. చాలామందికి పాతవి వాటంతటవే ఊడిపోతాయి, నాలుక కొత్తవాటిని ముందుకు తోస్తుంది. రెండు నెలలు చూసినా మా అమ్మాయి పాలపళ్లలో ఒకటి కదల్లేదు, చివరికి డాక్టరే తీసేశారు. ఇంకో సంగతి, పదేళ్లు దాటాక పైకోరపన్ను ఎముకలో దారి తప్పుతోందని ఎక్స్‌రేలో కనిపిస్తే, అది సర్దుకుంటుందని పాలకోరను కావాలనే పీకుతారు. అంటే మీ మెసేజ్ చెప్పిందే! కాకపోతే ఒక పిల్లకు, ఒక పన్నుకు, ఎక్స్‌రే చూశాక.

ఐదోసారి పంపబోయేవాళ్లు ఒక్కసారి మీ పిల్లల నోరు తెరిపించి చూడండి. ఆరేళ్లు దాటిన పిల్లల్లో అన్నిటికన్నా వెనక ఉన్న ఆ పెద్ద పన్నును చాలామంది పాలపన్నే అనుకుంటారు. అది శాశ్వత పన్ను. ఈ మెసేజ్ నమ్మి దాన్ని పీకిస్తే దాని చోట ఇంకోటి రాదు.