అడగకుండా ఇచ్చేవాణ్ణి నమ్మేదెలా?

హైదరాబాద్ పౌరులందరూ తక్షణం ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. మన కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి కొన్ని సాఫ్ట్‌వేర్లు చొరబడుతున్నాయి. డబ్బు అడగవు. ఫోన్ నంబరు అడగవు. ఓటీపీ పంపవు. మధ్యలో ప్రకటన వెయ్యవు. చెప్పిన పని చేసిపెట్టి ఊరుకుంటాయి. ఇంత జరుగుతున్నా ఒక్క నాయకుడూ నోరు మెదపకపోవడం నన్ను కలవరపెడుతోంది.

ఉచితానికి నేను వ్యతిరేకిని కాను. దానికో పద్ధతి ఉండాలంటున్నాను, అంతే. 2023 డిసెంబరు నుంచి మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయినా ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి, కండక్టరు జీరో టికెట్ కొట్టాలి, దిగేదాకా అది చేతిలో ఉండాలి. సున్నా రూపాయలకు కూడా లెక్క రాశారు చూశారా, వ్యవస్థ అంటే అది. అదే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి. మీరెవరు, ఎక్కడుంటారు, ఎందుకొచ్చారు అని అడిగే దిక్కు లేదు. వీడియో ఆడటం మొదలుపెడుతుంది. ఇంటికొచ్చిన మనిషిని కనీసం పలకరించని వస్తువును ఏ ధైర్యంతో వాడాలి?

దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వాను. 1996లో పారిస్ దగ్గరున్న ఎకోల్ సెంట్రల్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైందట. మన దగ్గర విద్యార్థుల ప్రాజెక్టు అంటే అమీర్‌పేటలో కొని, నల్ల అట్టకు బంగారు అక్షరాలు కొట్టించి, వైవా కాగానే అటక ఎక్కించేది. వాళ్లకు ఆ సంప్రదాయం తెలియదు కాబోలు, 2001లో దాన్ని జీపీఎల్ లైసెన్సు కింద లోకం మీదికి వదిలారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. ప్రకటనలు పెట్టుకోండి, కోట్ల యూరోలు ఇస్తాం అని వచ్చినవాళ్లను తిప్పి పంపామని దాని పెద్దాయన సగర్వంగా చెప్పుకున్నాడు కూడా. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారో రికార్డుల్లో లేదు.

దాని గుర్తు చూడండి: నారింజ రంగు ట్రాఫిక్ కోన్. మన ఊళ్లో ఆ కోన్‌కు అర్థం ఒకటే. ముందు రోడ్డు తవ్వేశారు, బండి వెనక్కి తిప్పు. ఇంత స్పష్టంగా హెచ్చరిస్తున్నా జనం వెళ్లి దాని మీదే నొక్కుతున్నారు. 2022లో దాని వెబ్‌సైట్ మన దేశంలో నెలల తరబడి తెరుచుకోలేదు. నాలాగా ఆలోచించేవాళ్లు ఢిల్లీలో ఎవరో ఉన్నారని పొంగిపోయాను. నవంబరులో మళ్లీ తెరిచేశారు.

అసలు సిసలు ఉచితం ఎలా ఉంటుందో ఈ తరం పిల్లలకు తెలియకుండా పోతోంది. పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చాలని వెతుకుతారు. ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో ‘డౌన్‌లోడ్’ అని నాలుగు పచ్చ బటన్లు గెంతులు వేస్తుంటాయి. నాలుగూ అబద్ధమే. నిజమైనది ఓ మూలన బూడిద రంగులో చీమ తలకాయంత ఉంటుంది. దాన్ని కనిపెట్టడమే ఒక విద్య. ఆ తరవాత నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్. పొద్దున లేచేసరికి బ్రౌజర్ ముఖం మారిపోయి ఉంటుంది, పైన ఎవరూ పిలవని టూల్‌బార్ కూర్చుని ఉంటుంది, కింద ఒక యాంటీవైరస్ ‘మీ కంప్యూటర్‌లో చాలా సమస్యలున్నాయి’ అని బెదిరిస్తుంటుంది. ఇల్లు కళకళలాడుతుంది. ఫొటోలు దిద్దుకునే గింప్‌కు కూడా 2015లో ఈ కళ తెద్దామని సోర్స్‌ఫోర్జ్ అనే సైటు ప్రయత్నించింది. దాని విండోస్ ఇన్‌స్టాలర్‌కు ప్రకటనల సరుకు చుట్టి పంచింది. గింప్ వాళ్లు నానా గొడవ చేసి ఆపించారు. మంచి చెయ్యబోతే ఇదీ ఫలితం.

ఇక లిబ్రెఆఫీస్. 2010 నుంచి ఉంది, ఉత్తరాలు రాస్తుంది, లెక్కలు వేస్తుంది, మెనూలు తెలుగులో కూడా చూపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు అందులో పెడదామని పై ఫ్లోర్ కుర్రాడు ఒకడు ప్రతిపాదించాడు. కోశాధికారి గారు కళ్లద్దాలు తీసి ఒకే ప్రశ్న వేశారు: ‘‘రేపు పాడైతే ఎవణ్ణి తిట్టాలి బాబూ?’’ కుర్రాడి దగ్గర జవాబు లేదు. తీర్మానం వీగిపోయింది. కంప్యూటర్ అమ్మినవాడు ‘‘అన్నీ వేసేశా సార్, ఫుల్ వెర్షన్’’ అని ఎక్కించిన దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీసే మా సంఘానికి ఆధారం. దాని తాళం పగలగొట్టడానికో క్రాక్, ఆ క్రాక్ కోసం యాంటీవైరస్‌ను పడుకోబెట్టడం, దొంగ తాళంచెవులు చేసే కీజెన్ తెరవగానే మోగే ఆ టింగుటింగు సంగీతం. దొంగతనమే కావచ్చు, అందులో శ్రమ ఉంది. పుణ్యానికి వచ్చినదాంట్లో ఏముంది?

తెలుగు ఫాంట్ల సంగతి చెబితే కన్నీళ్లు వస్తాయి. పెద్దన కాలికి రాయలవారు తన చేత్తో గండపెండేరం తొడిగారని చెప్పుకుంటాం కదా. ఆ పెద్దన ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. తిమ్మన ఉచితం. ధూర్జటి, మల్లన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, అందరూ ఉచితమే. అంతెందుకు, శ్రీకృష్ణదేవరాయ అనే ఫాంట్ కూడా పైసా పుచ్చుకోదు. భువనవిజయం మొత్తం ఒక్క నొక్కుతో దిగిపోతుంటే మన ఫ్లెక్సీ షాపులు మాత్రం ఆత్మగౌరవం చంపుకోలేదు. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో వచ్చిన పాత దొంగ ఫాంట్‌తోనే పుట్టినరోజు శుభాకాంక్షలు కొడుతున్నాయి. ‘శ’కు ‘ష’ పడినా సరే, వెనకడుగు వెయ్యలేదు. పైగా ఈ ఊళ్లోనే స్వేచ్ఛ అని ఒక సంస్థ 2005 నుంచి కంప్యూటర్ మొత్తాన్నీ తెలుగులో నడిపించే పనిలో ఉంది. కంప్యూటర్ తెలుగులో మాట్లాడితే పిల్లల ఇంగ్లీష్ మీడియం ఫీజు ఏం కావాలి? నేను ఆ వీధిలోకే వెళ్లను.

ఫోన్లలో పరిస్థితి కాస్త నయం. ఇక్కడ మర్యాద ఇంకా బతికి ఉంది. టార్చ్ యాప్‌నే తీసుకోండి. దీపం వెలిగించే ముందు కాంటాక్టులు, లొకేషన్, ఫొటోలు అన్నీ అడుగుతుంది. కొందరు తప్పు పడతారు. మీది ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం మన ఇళ్లల్లో ఆప్యాయత కాదా? అమెరికా వాళ్లకు ఆ సంస్కారం ఎక్కడిది, 2013లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చ్ యాప్ మీద పడింది, వాడేవాళ్ల లొకేషన్‌ను ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని. మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి టార్చ్ ఫోన్‌లోనే ఉంటోంది, తెరను పైనుంచి కిందికి లాగితే చాలు. మా పెద్దమ్మ మాత్రం యాప్‌ను వదల్లేదు. కరెంటు పోగానే చీకట్లో కూర్చుని పర్సనల్ లోన్ ప్రకటన పూర్తిగా చూస్తుంది. అది అయ్యేలోపు కరెంటు వస్తుంది. అప్పుడు టార్చ్ వెలుగుతుంది. పంచాంగం యాప్ కూడా అంతే పద్ధతి గలది. రాహుకాలం ఎప్పుడని అడిగితే రమ్మీ ప్రకటనలు చూపించి, రాహుకాలం గడిచాక చెప్పేది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2025లో కేంద్రం చట్టం తెచ్చి ఆపేసింది కాబట్టి ఇప్పుడు ఆ స్థానంలో జుట్టు నూనె వస్తోంది.

ఎఫ్-డ్రాయిడ్ అని ఇంకో యాప్ స్టోరు ఉందట. అందులో ఉన్నవన్నీ సోర్సు కోడ్, అంటే తమను ఎలా రాశారో ఆ రాత మొత్తం, బయటపెట్టినవే. ఏ యాప్‌లోనైనా ప్రకటనలో, నిఘా పెట్టే గుణమో ఉంటే ముందే చెప్పేస్తుంది. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడు తన అప్పులు తానే చదివినట్టుంది. సంబంధం కుదురుతుందా?

ఆటల దగ్గరికి వద్దాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో నిలబడి చూడండి, ఊరంతా మిఠాయిలు పేలుస్తూ ఉంటుంది. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలిస్తారు. పోతే ఒక్కోటి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేనివాడు డబ్బు కడతాడు, లేకపోతే ప్రాణం పంపమని చుట్టాలను అడుగుతాడు. పెళ్లికి పిలవని బావమరిదికి అర్ధరాత్రి మెసేజ్ పెట్టే అవసరం ఇంకే ఆట కల్పించింది? ఇక్కడ బంధుత్వాలు నిలబడుతున్నాయి.

దీనికి ఎదురుగా సైమన్ టాథమ్ అనే ఇంగ్లండ్ ఆయన పజిళ్లు. హైటెక్ సిటీలో సర్వర్లు చూసేవాళ్లందరూ, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లోకి కూర్చున్న చోటి నుంచే వెళ్లడానికి వాడిన పుట్టీ అనే సాఫ్ట్‌వేర్ ఈయన చేసిందే, అదీ ఉచితమే. తన పజిళ్లను ఒక కట్టగా కట్టి ఊరికే ఇచ్చేశాడు. ప్రకటనలు లేవు, నాణేలు లేవు, ‘నిన్న రాలేదేం’ అని నిలదీసే నోటిఫికేషన్ లేదు. అన్నిటికన్నా దారుణం, తప్పు చేస్తే ఎన్నిసార్లయినా వెనక్కి తీసుకోవచ్చు. ఆడి, విసుగొస్తే మూసేసి, దిగాల్సిన స్టేషన్‌లో దిగిపోవచ్చు. ఇలాంటి ఆటల వల్ల మెట్రోలో ఎవరూ స్టేషన్ దాటిపోకపోతే మనిషికీ యంత్రానికీ మధ్య అనుబంధం ఏం మిగులుతుంది?

కనుక నా డిమాండ్ ఒకటే. ఈ రకం సాఫ్ట్‌వేర్లు హైదరాబాద్ నగర పరిధిలో అడుగుపెట్టాలంటే కనీస మర్యాదలు పాటించాలి. తెరిచిన వెంటనే ఐదు నక్షత్రాలు అడుక్కోవాలి. మూడు రోజుల ఫ్రీ ట్రయల్ అని చెప్పి నాలుగో రోజు యూపీఐ ఆటోపే గుర్తు చెయ్యాలి. మూసే బొమ్మ వేలికి అందకూడదు. ఇవేవీ చేతకాకపోతే కనీసం ఒక ఓటీపీ అయినా పంపాలి, మేమూ ఉన్నామని మాకు అనిపించాలి.

దీని మీద సంతకాల సేకరణ మొదలుపెట్టాను. అందుకో మంచి యాప్ దొరికింది, ఉచితమే. మైకు, కెమెరా, కాంటాక్టులు అడిగింది, ఇచ్చాను. మీరు సంతకం పెట్టాలంటే ముందు ఐదుగురిని చేర్పించాలి. మీలో చాలామందికి నా పేరుతో లింకు ఈపాటికే వచ్చి ఉంటుంది. నేను పంపలేదు, అదే పంపుకుంది.