తాత్పర్యం రాసిన పాపులం

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చేసిన ఒక నేరాన్ని ఇవాళ ఒప్పుకోదలిచాను. పద్యాల కింద తాత్పర్యాలు రాశాను. ఒకటీ రెండూ కాదు, నోటుబుక్కుల కొద్దీ. తెలుగు మాస్టారే దగ్గరుండి రాయించారు. ఇది నేరమని ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరాక గానీ తెలియలేదు. క్లియాంథ్ బ్రూక్స్ అనే అమెరికన్ విమర్శకుడు 1947లోనే తేల్చేశాడట: కవితను వేరే మాటల్లో చెప్పి, కవిత అంటే ఇదే అనడం మతద్రోహంతో సమానం. ఆ వ్యాసం పేరే 'ద హెరసీ ఆఫ్ పారాఫ్రేజ్'.

దాని మీద మాకు పరీక్షలో వచ్చిన ప్రశ్న: పై వ్యాస సారాంశాన్ని మీ సొంత మాటల్లో రాయండి.

నేను సిద్ధాంతానికి కట్టుబడ్డాను. సారాంశం చెప్పడం పాపం కనుక చెప్పడం లేదని రెండు లైన్లు రాసి ఊరుకున్నాను. సున్నా వేశారు. పక్క బెంచీవాడు గైడులోని నాలుగు పేజీలూ పొల్లు పోకుండా దించాడు. వాడిప్పుడు అదే పేపరు పాఠం చెబుతున్నాడు.

అయినా ఈ బ్రూక్స్ బృందం విమర్శ పద్ధతి మీద, అంటే న్యూ క్రిటిసిజం మీద, నాకు భక్తి తగ్గలేదు. ఎంత సుఖమైన శాస్త్రం! కవి ఎప్పుడు పుట్టాడు, ఎవరిని ప్రేమించి ఎవరిని పెళ్లాడాడు, ఊళ్లో అప్పుడు కరువా యుద్ధమా, ఇవేవీ అక్కర్లేదు. కాగితం మీద ఉన్న మాటలు పట్టుకుని చూడు, చాలు. విమ్సాట్, బియర్డ్‌స్లీ అని ఇద్దరు 1946లో కవి ఏం చెప్పదలచుకున్నాడని అడగడమే తప్పన్నారు. మూడేళ్లు ఆగి, చదివినవాడి మనసుకు ఏమనిపించిందో కొలవడమూ తప్పేనన్నారు. మొదటి దెబ్బకు మన 'కవి హృదయం' పోయింది, రెండో దెబ్బకు సహృదయుడు పోయాడు. ఉద్యోగాలు మాత్రం విమర్శకుడికి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీల మీద వచ్చిపడ్డారు. అంతమందికి ఇంగ్లండు చరిత్ర ఎవరు నూరిపోస్తారు? ఒక కవిత, ఒక సుద్దముక్క ఉంటే క్లాసు గడిచిపోయేది.

దీనికి విత్తనం పడింది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో. అక్కడ పాఠం చెప్పే ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి విద్యార్థులకు కవితలు పంచాడు, ఏమనిపించిందో రాసుకురమ్మన్నాడు. 13 కవితల మీద వాళ్లు రాసింది 1929లో పుస్తకంగా వేశాడు. జాన్ డన్, హాప్కిన్స్ లాంటి పేరుమోసిన కవులను చాలామంది తూర్పారబట్టారు. పెద్దగా పేరులేని వాళ్లవి మెచ్చుకున్నారు. ఈ ప్రయోగం మన పుస్తకావిష్కరణ సభల్లో చేయొద్దని నా మనవి. "పుస్తకం పూర్తిగా చదివే తీరిక దొరకలేదు గానీ, వారితో నాది ముప్పై ఏళ్ల స్నేహం" అని మొదలుపెట్టే వక్త, అట్ట మీద పేరు చెరిపేస్తే ఏం మాట్లాడతాడు పాపం? శాలువా ఎవరికి కప్పుతాడు?

రిచర్డ్స్ శిష్యుడు విలియం ఎంప్సన్ 24 ఏళ్ల వయసులో, 1930లో, మాటకు రెండర్థాలు రావడంలో ఏడు రకాలున్నాయని లెక్క తేల్చాడు. శ్లేషతో పెరిగిన మనకు ఏడంటే కొంచెం తక్కువే. ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ నడిపించిన పింగళి సూరన ఆయన కంటపడి ఉంటే లెక్క మళ్లీ మొదటికొచ్చేది.

ఈ ఉద్యమానికి తాతలాంటివాడని అందరూ అనే కవి టి.ఎస్. ఎలియట్, 1956లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆటల ప్రాంగణంలో కూర్చున్న వేలమంది ముందు, వీళ్లది అర్థాల కోసం కవితను నిమ్మకాయలా పిండే విమర్శ అనేశాడు. పిండడం మాట ఎలా ఉన్నా, విమర్శ మీద ఉపన్యాసానికి వేలమంది రావడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇక ఉద్యమానికి పేరు స్థిరపడింది అమెరికన్ విమర్శకుడు జాన్ క్రో రాన్సమ్ 1941లో వేసిన పుస్తకంతో. ఈ రాన్సమే 1930లో అమెరికా దక్షిణాది పాత సేద్యపు బతుకే బతుకని, పరిశ్రమలొచ్చి చెడగొడుతున్నాయని పుస్తకం తెచ్చిన పన్నెండు మందిలో ఒకడు. కవితలోకి చరిత్రను రానివ్వకపోవడానికీ, సొంత చరిత్ర మీద ఆ బెంగకూ ఏదో సంబంధం ఉండే ఉంటుందని... వద్దులెండి. రచయిత జీవితంతో మనకేం పని? నోరు జారాను.

సున్నా సంగతి చెప్పాలి. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టాను. ఆ రెండు లైన్లు రాయడంలో నా ఉద్దేశం ఏమిటో వివరిస్తూ మూడు పేజీల ఉత్తరం కూడా జతచేయబోయాను. పరీక్షల విభాగం కిటికీ దగ్గర గుమాస్తా ఆ ఉత్తరం తిప్పైనా చూడకుండా నా చేతిలోనే పెట్టాడు.

"పేపర్లో ఏముందో అదే చూస్తారు బాబూ. నువ్వేమనుకుని రాశావో ఎవరిక్కావాలి?"